నవ్వు దాచుకున్న కూజా

నమ్మరని ముందే తెలుసు. నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి చెప్పులు వేసుకోవచ్చు, తలుపు తీసే ఉంది. సగంలో లేస్తే మాత్రం మీ ఖర్మ. సగం విన్న కథ చెవిలో దూరిన నీళ్ళలాంటిది, తల ఎంత విదిలించినా బయటికి రాదు. చివర్లో సాక్షి పేరు కూడా ఉంది. ఆ పేరు విన్నాక కూడా అబద్ధమనేవాళ్ళుంటే, వాళ్ళు ఎండలో నిలబడి తమ నీడనే ఎవరిదని అడిగే రకం. వాళ్ళతో వాదన దండగ.

గాజు కార్ఖానాలో గడ్డి మేస్త్రి అని ఒకాయన ఉండేవాడు. ఊదేవాళ్ళు ఊదిన సీసాలూ గ్లాసులూ కూజాలూ చెక్కపెట్టెల్లో గడ్డి వేసి సర్దడం ఆయన పని. ఆయన సర్దిన పెట్టె ఒకటి కొండ మలుపులో లారీ మీంచి జారి, రెండువందల అడుగుల లోయలో పడి, దారిలో రెండు బండలు పగలగొట్టి, ఏట్లో తేలుకుంటూ పోయి, చేరవలసిన కొట్టు వెనక రేవులోనే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తీసి చూస్తే ఆరు డజన్ల గ్లాసుల్లో ఒక్కదానికి గీత లేదు. లారీ కంటే రెండు గంటలు ముందొచ్చినందుకు కృతజ్ఞతలు చెబుతూ కొట్టువాడు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ కార్ఖానా గోడ మీద ఉంది.

ఆయన విద్యంతా అరచేతిలో ఉండేది. మూత వేసే ముందు గడ్డి మీద అరచేయి పెట్టి నొక్కేవాడు. సరిగ్గా వేలెడు మందం దిగాలి. "వదులైతే గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకు చస్తాయి. బిగిస్తే బయటి దెబ్బంతా గాజుకే తగులుతుంది. వేలెడు ఊపిరి వదలాలి" అనేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఆయన చెప్పే పాఠం ఆ ఒక్కటే. ఇంటిదాకా వచ్చేసరికి ఆ పాఠం ఆయనకే గుర్తుండేది కాదు, అదీ కథ.

ఆయన భార్య పక్క గదిలో గాజు పరీక్ష చేసేది. రెండు గదుల మధ్య ఒక కిటికీ. పొద్దున ఎనిమిదింటికి కొలిమి గదిలోంచి గంపలు వచ్చేవి. ఆమె ఒక్కో గ్లాసునీ ఎత్తి, చెవికి ఆనించి, చూపుడువేలి గోటితో మీటేది. ఇలా మీటేవాళ్ళు అన్ని కార్ఖానాల్లోనూ ఉంటారు. పగులుంటే బొంగురుగా, లేకపోతే ఖంగుమని మోగుతుంది. ఈమెకు మాత్రం ఆ గ్లాసు చివరికి పగిలేటప్పుడు చేసే చప్పుడు వినిపించేది. దగ్గర్లోనా, దూరంగానా అన్నది కూడా తెలిసిపోయేది. అందుకని మేనేజరు ఆమె బల్ల పక్కన మూడు గంపలు పెట్టించి, సుద్దముక్కతో "ఈ వారం", "ఈ ఏడాది", "ఆ పైన" అని రాయించాడు. "ఈ వారం" గంప తిరిగి కొలిమిలోకి పోయేది. ఎనిమిదేళ్ళకు పగులుతుందని ఆమె చెప్పిన పూలసీసా ఒకటి ఏడున్నరకే పగిలిందని ఒక ఖాతాదారు ఫిర్యాదు పంపాడు. పెట్టె దింపుకున్నప్పుడు రసీదు మీద తేదీ తప్పు వేసింది ఆ ఖాతాదారేనని తేలింది.

చప్పుడొక్కటే కాదు, ఆ క్షణంలో దాని చుట్టూ ఉన్న చప్పుళ్ళు కూడా ఆమెకు వినిపించేవి. అన్నాల వేళ అందరూ చుట్టూ చేరి, "వదినా, ఇవాళ ఏం విన్నావ్?" అని అడిగేవాళ్ళు.

"ఒక గ్లాసు పగిలితే అత్తాకోడళ్ళు ఒకరి మీదొకరు తోసుకుంటున్నారు. ఒక సీసా దగ్గర ఎవరూ లేరు, వాన పడుతోంది, అంతే" అనేది ఆమె అన్నం కలుపుకుంటూ.

ఈ "వదినా" అన్న పిలుపే మేస్త్రికి గిట్టేది కాదు. మేస్త్రి పెళ్ళాం వరసకి వదినే కదా, తప్పేముంది అంటారా? ఆయన అసూయ అలాంటిది మరి. ఊరందరి అసూయనీ పోగేసి తూస్తే, ఆయన సోమవారం పొద్దున మొహం కడుక్కునేలోపు పడే అసూయకి సరిపోదు. కూరగాయలమ్మే మనిషి ఆమెతో రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే ఆ వారమంతా ఇంట్లో కూరగాయలుండేవి కావు. గాజు మీద కూడా కుళ్ళే. రోజుకు ఆరువందల గ్లాసులు ఆమె చెవి దాకా వెళ్ళేవి. ఒక్కోదాన్నీ కళ్ళు మూసుకుని, పెదవి కొద్దిగా విప్పి, ఊపిరి బిగబట్టి వినేది. తొమ్మిదేళ్ళ కాపురంలో తన మాట అంత శ్రద్ధగా ఎప్పుడు వింది అని మేస్త్రి కిటికీలోంచి చూస్తూ గుర్తు చేసుకునేవాడు. ఒక్క పూట కూడా గుర్తొచ్చేది కాదు. ఆమె ఎక్కువసేపు విన్న గ్లాసు తన చేతికొస్తే దాన్ని గడ్డిలో తలకిందులుగా పెట్టేవాడు. అది ఆయన కక్ష.

దీనంతటికీ మొదలు ఒక మధ్యాహ్నం. పెళ్ళైన మొదటి వారం. మేస్త్రి సరదాగా చొక్కా గుండీ విప్పి, "నన్ను కూడా మీటు, ఏం వినిపిస్తుందో చూద్దాం" అన్నాడు. ఆమె ఛాతీ మీద గోటితో మీటింది. చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తటాలున లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఏం వినిపించిందే?"

"మీరేమన్నా గాజా!" అంది అటు తిరిగే.

అంతే. ఆ ఒక్క మాటలో ఆయన తొమ్మిదేళ్ళు ఇరుక్కుపోయాడు. ఏదో వింది. విని దాచింది. ఈ కాపురం ఏదో ఒక రోజు పగులుతుంది, ఆ చప్పుడు ఈమె చెవిలో ఉంది. ఆ రోజు నుంచి మేస్త్రి నవ్వడం మానేశాడు. పంతం పట్టి మానింది కాదు. రెండు చేతులతో ఒక వస్తువుని గట్టిగా పట్టుకున్నవాడు చప్పట్లెలా కొడతాడు? అలాగే.

ఇలా ఉండగా ఒక రోజు గుండు తల భిక్షువు ఒకాయన కార్ఖానాకి వచ్చాడు. గాజు గిన్నె ఒకటి కావాలన్నాడు. ఆమె నాలుగు గిన్నెలు తీసి వరసగా మీటింది.

"ఇది అరవై ఏళ్ళుంటుంది స్వామీ. ఇది పన్నెండు. ఇది ముప్పై. ఇది మాత్రం మూడు నెలలే, పక్కన పెట్టేస్తాను."

"అదే ఇవ్వమ్మా" అన్నాడాయన.

"అది పోయేది కదా స్వామీ!"

"అరవై ఏళ్ళది నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. నా తర్వాత దీన్నెవరు చూస్తారా అని నాకు బెంగ. దీంతో ఆ గొడవ లేదు. మూడు నెలలే అని తెలుసు కాబట్టి రోజూ బుద్ధిగా కడుగుతాను."

మేస్త్రి గుప్పెడు గడ్డీ చిన్న పెట్టే పట్టుకుని వచ్చాడు. "సర్దిస్తాను స్వామీ."

"వద్దు నాయనా, చేత్తో పట్టుకుపోతా."

తొమ్మిది జిల్లాల్లో పేరున్న మేస్త్రిని గడ్డి వద్దన్నవాడు అప్పటిదాకా పుట్టలేదు. చెంప మీద కొట్టినట్టయింది. "చేయి జారితే?" అన్నాడు.

"జారకుండా చూసుకుంటా. అయినా జారితే, జారింది. ఈ రెండింటికీ మధ్యలో భయపడుతూ కూర్చుంటే గిన్నె ఒక్కసారి పగిలేది పోయి రోజూ పగులుతుంది."

ఆమె ఆ గిన్నెని మరోసారి మీటి ఫక్కున నవ్వింది. "స్వామీ, ఇది పగిలేటప్పుడు మీరే నవ్వుతున్నారు!" అంది. "లక్షల గ్లాసులు విన్నాను. ఏడుపులు, తిట్లు, చెంపదెబ్బలు. పగిలాక మనిషి నవ్వడం పన్నెండుసార్లే విన్నా. మీది పదమూడోది."

"మంచిదే కదా" అని ఆయన గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మేస్త్రి అన్నం తినలేదు. సన్యాసి అనీ, డెబ్భై ఏళ్ళవాడనీ కూడా చూడకుండా ఆ గుండు మీద కుళ్ళుకున్నాడు. తన పెళ్ళాం అతని నవ్వు విని నవ్వింది మరి.

నెల తిరక్కుండానే బుగ్గలు వచ్చాడు. కొత్తగా చేరిన ఊదేవాడికి మొదటి రోజే పడ్డ పేరది. అతను గొట్టం నోట పెట్టి బుగ్గలు పూరిస్తే కొలిమిలో మంట భయపడి గోడవైపు ఒరిగేది. ఒకసారి గొట్టం నోట్లో ఉండగా తుమ్మొచ్చి, ఒకే తుమ్ముకి నాలుగు కూజాలు తయారయ్యాయి, నాలుగూ పిడులతో సహా. ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవాడు. చేయి కాలినా నవ్వే, మేనేజరు తిట్టినా నవ్వే.

ఆ కార్ఖానాలో ఒక పద్ధతుంది. కొత్తవాడు ఊదిన మొదటి వస్తువు అమ్మకానికి పోదు. పరీక్ష చేసే మనిషికే ఇవ్వాలి. తొమ్మిదేళ్ళుగా అలా వచ్చినవన్నీ ఆమె గేటు దగ్గర కాపలా తాతకి ఇచ్చేసేది. ఆ తాతకి చెవులు బొత్తిగా వినిపించవు. పన్నెండేళ్ళ కిందట కార్ఖానా సైరను పక్కనే నిలబడి మోగించినప్పుడు పోయాయి. తనకి తన గొంతు వినపడక ఊరంతా వినపడేలా మాట్లాడేవాడు కాబట్టి అందరూ ఉరుము తాత అనేవాళ్ళు. మేస్త్రి ఇంటికి ఎదురిల్లే ఆయనది.

బుగ్గలు తన మొదటి కూజా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఉల్లిపొరలా ఉంది. నీళ్ళు పోస్తే నీళ్ళే కూజా ఆకారంలో నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఆమె చెవికి ఆనించి మీటింది. చెయ్యి అలాగే ఆగిపోయింది. మళ్ళీ మీటింది. కిటికీ అవతల మేస్త్రి చూస్తున్నాడు. ఆమె కళ్ళు నిండాయి. నవ్వింది. కూజాని పక్కకి పెట్టి, తిరిగి తీసుకుని, మూడోసారి వింది. ఆ సాయంత్రం ఆ కూజాని తన సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

మేస్త్రి గుమ్మంలోనే పట్టుకున్నాడు. "అన్నీ తాతకిస్తావు. ఇదెందుకు తెచ్చావ్?"

"నాకు కావాలి."

"ఏం విన్నావ్ దాంట్లో?"

"పగిలింది."

"అది తెలుసులే. ఇంకా?"

"ఒక మగమనిషి నవ్వాడు."

"ఎవడు?"

"చెప్పను. చెబితే ఆ నవ్వు చెడిపోతుంది."

"ఎప్పుడు?"

"దగ్గర్లోనే."

"ఎక్కడ?"

ఆమె గది చుట్టూ చూసింది. "ఇక్కడే. మన తలుపు కిర్రుమనడం కూడా వినిపించింది."

కూజాని కిటికీ గూట్లో పెట్టి నీళ్ళు నింపింది. మేస్త్రి దాన్ని నేలకేసి కొడదామని చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా ఆయన బుర్ర గిర్రున తిరిగింది. పగిలితే నవ్వు వస్తుంది. నవ్వేది తను కాదు. తొమ్మిదేళ్ళుగా నవ్వనివాడికి ఇప్పుడేం పోయేకాలం? మరి నవ్వడం తప్ప ఇంకేమీ రానివాడెవడు? వాడే. వాడు చేసిన కూజా, నా ఇంట్లో, నా తలుపు తీసుకుని వచ్చి వాడి నవ్వు! దానికోసం ఈవిడ కళ్ళనీళ్ళు!

చెయ్యి దింపేశాడు. ఈ కూజా పగలకూడదు. ఇది పగలనంతకాలం వాడు ఈ ఇంట్లో నవ్వలేడు. అలా, పగలగొడదామని చెయ్యెత్తిన మనిషే దానికి కాపలాకుక్కయ్యాడు.

మొదటి రోజు తలుపు బందులకి నూనె పోశాడు, కిర్రుమనకుండా. రెండో రోజు కూజాని గూట్లోంచి తీసి బీరువాలో పెట్టాడు. మూడో రోజు బీరువా కూడా నచ్చక, టేకు చెక్కతో పెట్టె చేసి, గడ్డి వేసి సర్దాడు.

"నీళ్ళు దేంట్లో తాగాలి?" అంది ఆమె.

"స్టీలు గ్లాసు లేదా?"

"కూజా ఉన్నది నీళ్ళకి కదండీ."

"కూజా ఉన్నది ఉండడానికి" అన్నాడు మేస్త్రి.

రోజూ పని నుంచి రాగానే పెట్టె తెరిచేవాడు. కూజాని అంగుళం అంగుళం తడిమేవాడు. గీత లేదని తేలాక మళ్ళీ సర్ది, భయం తీరక ఇంకో గుప్పెడు గడ్డి కూరేవాడు. అరచేయి పెట్టి నొక్కితే మొదట్లో వేలెడు దిగేది. తర్వాత గోరంత. తర్వాత గడ్డి కాదు, రాయి. ఆ రాయి మీద చెయ్యి పెడితేనే ఆయనకి నిద్ర పట్టేది.

చేతికి పట్టిన అలవాటు చేతితోనే కార్ఖానాకి వెళ్ళింది. అక్కడి పెట్టెల్ని కూడా కూరడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా పెట్టెలు వెనక్కి రాసాగాయి. మేనేజరు పిలిచాడు.

"మేస్త్రీ, లోయలో పడ్డ పెట్టె చెక్కుచెదరలేదు. ఇప్పుడు పక్క వీధికి పంపింది పిండై తిరిగొచ్చింది. ఏంటి సంగతి?"

"రోడ్లు పాడయ్యాయండీ."

"రోడ్లు కాదు, నీ చెయ్యి పాడైంది. సోమవారం నలభై పెట్టెలు వెళ్తున్నాయి. వాటిలో ఒక్కటి తిరిగొచ్చినా నువ్వు కొలిమి బూడిద ఎత్తుకోవాలి."

ఉత్తరానికి ఫ్రేము కట్టించి గోడకి పెట్టించుకున్న మనిషికి బూడిద గంప! అదీ కూజా పుణ్యమే అనుకున్నాడు మేస్త్రి. అదీ బుగ్గలు చేసిందే. ఈ మధ్య ఆ బుగ్గలు పరీక్ష గది గుమ్మంలో నిలబడి ఆమెతో ఏదో గుసగుసలాడుతున్నాడు. మేస్త్రి తలెత్తగానే మాట ఆపి జారుకుంటున్నాడు. ఇంకేం కావాలి?

ఆ శనివారం భిక్షువు మళ్ళీ వచ్చాడు. కిటికీ అవతల మేస్త్రి చెవులు రిక్కించాడు.

"పోయిందమ్మా గిన్నె. నువ్వు చెప్పిన రోజే."

"నవ్వారా స్వామీ?"

"పిల్లి కాలుజారి దాని మీద పడింది. పడి, నేనే తోశానన్నట్టు నావైపు చూసింది. నవ్వాగలేదు."

ఆమె గొంతు తగ్గించి అంది. "నేనూ ఒక నవ్వు కోసం ఎదురుచూస్తున్నా స్వామీ. విన్నది ఎప్పుడూ తప్పలేదు. ఈసారి తప్పుతుందేమోనని భయంగా ఉంది. ఆ నవ్వు లేకపోతే నేనా ఇంట్లో ఉండలేను."

"ఓహో, నువ్వు కూడా ఆ నవ్వుని పెట్టెలో పెట్టుకున్నావన్నమాట" అన్నాడాయన. ఈసారి ఆరేళ్ళ గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు.

మేస్త్రికి ఆ చివరి మాట వినపడలేదు. "ఆ నవ్వు లేకపోతే ఉండలేను" దగ్గరే చెవులు మూసుకుపోయాయి.

ఇంటికి రాగానే అన్నాడు. "సోమవారం నుంచి నువ్వు పనికి వెళ్ళక్కర్లేదు."

"ఎందుకని?"

"నేను చెప్పాను కాబట్టి."

ఆమె అరవలేదు. సంచి తీసి బట్టలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. "ముందు కూజాని పెట్టెలో పెట్టారు. ఇప్పుడు నన్ను పెడుతున్నారు. నాకు ఊపిరాడదండీ. రేపు మా అక్క దగ్గరికి పోతాను."

"ఎప్పుడొస్తావ్?"

"గడ్డి మీద చెయ్యి పెట్టి చూసుకోండి. మీకే తెలుస్తుంది."

ఇదిగో, తొమ్మిదేళ్ళుగా భయపడ్డ చప్పుడు ఇదే అనుకున్నాడు మేస్త్రి. పగులుతోంది. వాడివల్లే పగులుతోంది.

ఆదివారం పొద్దున పదింటికి ఆమె సంచి గుమ్మం పక్కన ఉంది. ఆమె వంటగదిలో గిన్నెలు బోర్లిస్తోంది. మేస్త్రి నేల మీద కూర్చుని పెట్టె ముందు పెట్టుకున్నాడు. ఈమె వెళ్ళిపోయినా సరే, ఆ నవ్వు మాత్రం రానివ్వకూడదు. ఇంకో గుప్పెడు గడ్డి కూరాడు. మూత పట్టలేదు. అదిమాడు. పట్టలేదు.

సరిగ్గా అప్పుడు, రెండు నెలలుగా డబ్బాడు నూనె తాగిన తలుపు, పీక నొక్కిన కోడిలా కిర్రుమంది.

గుమ్మంలో బుగ్గలు. చేతిలో ఇంకో కూజా. మొహం నిండా నవ్వు.

"అన్నా..."

వచ్చేశాడు! తలుపూ మోగింది! మేస్త్రి ఎగిరి పెట్టె మూత మీద రెండు మోకాళ్ళూ వేసి, ఒంట్లో బరువంతా పెట్టి నొక్కాడు. మూత పట్టింది.

లోపల్నుంచి చిన్న చప్పుడు. టప్.

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మేస్త్రి మోకాళ్ళ మీదే ఉండి బుగ్గల మొహం వైపు చూశాడు. ఇప్పుడు నవ్వుతాడు. ఇదిగో, ఇప్పుడే. కానీ బుగ్గల నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పుట్టిన తర్వాత మొదటిసారి ఆ మొహంలో నవ్వు లేదు.

"అన్నా, ఏదో పగిలినట్టుంది" అన్నాడు బిక్కమొహం వేసి. "నేను తర్వాతొస్తాలే. మా అమ్మకి ఈ కూజా పంపాలి. నువ్వు సర్దితేనే చేరుతుందని అందరూ అన్నారు. నిన్నడగాలంటే భయమేసి నెల్నించీ వదినని అడుగుతున్నా. నువ్వే వెళ్ళి అడుగు, కొరకడులే అంది."

మేస్త్రి పెట్టె వైపు చూశాడు. రెండువందల అడుగుల లోయలో పగలనివ్వని చెయ్యి. ఏట్లో మునగనివ్వని చెయ్యి. నీళ్ళ కూజా ఒకదాన్ని నట్టింట్లో, కదలకుండా కూర్చోబెట్టి, టేకు పెట్టెలో, బస్తాడు గడ్డిలో, రెండు మోకాళ్ళతో తనే పగలగొట్టాడు. వేలెడు ఊపిరి వదలాలని ఊరందరికీ పాఠం చెప్పినవాడు.

అప్పుడు ఎవరో నవ్వడం వినిపించింది.

తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు మొదలైంది. మేస్త్రి ఎవడ్రా అని వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. బుగ్గల వైపు చూశాడు. అతని పెదవులు కదలడం లేదు. నవ్వు పెరిగింది. పెట్టె ఊగుతోంది. పెట్టె మీద తను ఊగుతున్నాడు. కడుపు పట్టుకున్నాక గానీ ఆయనకి తెలియలేదు, ఆ నవ్వు తనదేనని. తొమ్మిదేళ్ళ నవ్వు ఒక్కసారి బయటికొస్తే ఎలా ఉంటుంది? గోడమీది గడియారం ఆగిపోయింది. కప్పు మీద పావురాలన్నీ లేచిపోయాయి. వీధి చివర ఇస్త్రీ చేసుకుంటున్నవాడు ఎందుకో తెలియకుండానే నవ్వుతూ ఎవరిదో చొక్కా కాల్చేశాడు.

ఆమె వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. తడి చేతులు అలాగే ఉన్నాయి. కళ్ళు మూసుకుని, పెదవి కొద్దిగా విప్పి, ఊపిరి బిగబట్టి వింటోంది.

"ఇదే" అంది. "ఇదే నవ్వు. నేను విన్నది ఇదే."

మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయాసం తీరాక అడిగాడు. "మరి పెళ్ళైన కొత్తలో నన్ను మీటి ఏం విన్నావే? తొమ్మిదేళ్ళుగా చస్తున్నా."

"గుండె విన్నాను. దడదడా కొట్టుకుంటోంది. పెళ్ళాం చెవి ఆనిస్తేనే ఇంత భయమా ఈ మనిషికి అని నవ్వొచ్చింది. మీ ఎదురుగా నవ్వితే చిన్నబుచ్చుకుంటారని పొయ్యి దగ్గరికెళ్ళి నవ్వుకున్నా."

"అంతేనా?"

"అంతే. మీరు గాజు కాదన్నానుగా."

బుగ్గలు అప్పుడు నవ్వాడు. మేస్త్రి అతని చేతిలో కూజా తీసుకుని, పెట్టెలో పెంకులు ఏరి పారేసి, అదే పెట్టెలో సర్దాడు. బస్తాడు గడ్డిలో సగం బయటికి లాగేశాడు. అరచేయి పెట్టి నొక్కాడు. వేలెడు దిగింది. మూత వేసేముందు ఆమె వంగి ఒకసారి మీటింది. "చాలా దూరం. ఒక ముసలావిడ 'పోతే పోయిందిలే' అంటోంది."

"మా అమ్మే!" అన్నాడు బుగ్గలు.

ఆ మధ్యాహ్నమే మేస్త్రి కార్ఖానాకి పోయి, నలభై పెట్టెలూ విప్పి మళ్ళీ సర్దాడు. మామూలు మనిషికి నాలుగు రోజుల పని, రెండు గంటల్లో, అదీ మధ్యలో రెండుసార్లు నవ్వుకోవడానికి ఆగుతూ. నలభైలో ఒక్కటీ తిరిగి రాలేదు.

కార్ఖానాకి పోయే ముందు ఇంకో పని చేశాడు. గుమ్మం పక్కన ఆమె సంచి అలాగే ఉంది. ఆమె దాన్ని విప్పబోతే ఆపాడు.

"వెళ్ళు. మీ అక్కని చూసి చాలా రోజులైంది. నాలుగు రోజులుండి రా. ఐదైనా పరవాలేదు."

"నిజంగానా?"

సంచిలో బట్టలు మరీ కుక్కినట్టున్నాయని, మేస్త్రి అన్నీ బయటికి తీసి మళ్ళీ సర్దాడు. పైన అరచేయి పెట్టి చూశాడు. వేలెడు వదిలి, మూతి కట్టి, బస్సు దాకా తనే మోశాడు. బస్సు కదిలాక నిలబడి చూశాడు గానీ, దాని వెంట పరిగెత్తలేదు. ఆమె మూడో రోజే వచ్చేసింది.

ఇదంతా కట్టుకథ అనేవాళ్ళ కోసం సాక్షి ఉన్నాడని మొదట్లోనే చెప్పాం. మేస్త్రి ఇంటి ఎదురుగా గుమ్మంలో కూర్చుని, ఆ ఆదివారం పొద్దున ఆ నవ్వుని మొదటి నుంచి చివరి దాకా విన్నవాడు ఒకడున్నాడు. "ఎవర్రా అంతలా నవ్వేది, చెవులు పగిలిపోతున్నాయి!" అని వీధంతా దద్దరిల్లేలా కసిరాడు కూడా. పన్నెండేళ్ళలో ఆయన చెవిన పడ్డ మొదటి చప్పుడది. వెళ్ళి అడగండి, గేటు దగ్గరే ఉంటాడు. గట్టిగా అరవక్కర్లేదు, ఇప్పుడు మెల్లగా అడిగినా వినిపిస్తుంది. పేరు ఉరుము తాత.